ఒక్కరికా, ఇద్దరికా?

భుజం కీలు అరిగిపోయిందని, ఇక తెడ్డు ముట్టుకుంటే ఆ చెయ్యి పైకి లేవడం కూడా కష్టమేనని డాక్టరమ్మ చెప్పిన రోజు నుంచి తెడ్డక్క ఒక చోట కుదురుగా కూర్చోలేదు. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. మడిచిన బట్టలే విప్పి మళ్ళీ మడిచింది. మంచి చేత్తో ఇల్లంతా ఊడ్చి, చీపురు మూలన పెట్టి, ఏదో మరిచిపోయినట్టు మళ్ళీ అందుకుంది. కాలుగాలిన పిల్లిలా అలా తిరిగే మనిషిని చూస్తుంటే ఎదుటివాళ్ళకే ఆయాసం వస్తుంది. ఆమె మొగుడికి మాత్రం రాలేదు. అతను గుమ్మంలో కూర్చుని గాలపు తాళ్ళ చిక్కు విప్పుకుంటున్నాడు.

అతన్ని రేవులో అందరూ నాన్చుడు అంటారు. అది పెట్టిన పేరు కాదు, సంపాదించుకున్న పేరు. చొక్కా కొనడానికి వెళ్తే కొట్టువాడు దీపాలార్పే దాకా తేల్చడు. ఆమెకు తెడ్డక్క అన్న పేరూ అలా వచ్చిందే. పెళ్ళయిన కొత్తలో పడవెక్కి తెడ్లు పట్టింది, ఇంతవరకు వదల్లేదు.

పడవ నడిమి పలక మీద వెనక్కి తిరిగి కూర్చుని ఆమె రెండు తెడ్లూ వేసేది. అతను వెనక పలక మీద కూర్చుని, నీళ్ళలోకి వదిలిన తాళ్ళను కనిపెట్టుకుని ఉండేవాడు. పడవ మెల్లగా, ఒకే తీరున సాగితేనే ఎర తిన్నగా వస్తుంది, చేప దాని వెంట పడుతుంది. ముందేముందో ఆమెకు కనిపించేది కాదు. అతను గడ్డం కుడికి ఆడిస్తే కుడికి, ఎడమకు ఆడిస్తే ఎడమకు తిప్పేది. ఇంట్లో ఉప్పూ నిప్పూలా ఉండే ఆ ఇద్దరికీ పడవలో మాత్రం మాటతో పనే ఉండేది కాదు. ఈ లోకంలో తనదనిపించే చోటు ఒకటుంటే, అది ఆ నడిమి పలకేనని ఆమె నమ్మకం.

వాళ్ళు చేపలు పట్టేది తాగునీటి సరస్సులో. పెట్రోలు ఇంజన్లు పెట్టనివ్వరు. ఇక మిగిలింది బ్యాటరీ మోటారే.

"పోనీలే వదినా, మోటారొస్తే నువ్వు హాయిగా ఇంటిపట్టున ఉండొచ్చు," అంది ఆడపడుచు. పాపం, మంచికే అంది.

"ఇంటిపట్టున ఉండడానికి నేనేమైనా బీరువానా?" అని కసిరింది తెడ్డక్క.

మోటార్ల కొట్టుకు ఇద్దరూ కలిసే వెళ్ళారు. కొట్టు యజమాని నీళ్ళ డ్రమ్ములోకి మోటారు దించి స్విచ్చి నొక్కాడు. చప్పుడే లేదు, నీళ్ళు మాత్రం సుడి తిరిగాయి. నాన్చుడు మొదలుపెట్టాడు. రెక్కలకు నాచు చుట్టుకుంటే ఏమవుతుంది? ఎదురుగాలి కొడితే లాగుతుందా? బ్యాటరీ సగానికొచ్చాక బలం తగ్గుతుందా? లోపలికి తడి వెళ్తే? నడి నీళ్ళలో ఎప్పుడైనా ఆగిపోయిందని ఎవరైనా వచ్చి చెప్పారా? అడిగిందే తిప్పి తిప్పి అడిగాడు. కొట్టు యజమాని ఓపిక మెచ్చుకోవాల్సిందే.

"ఇంతకీ పడవలో ఎంతమంది? ఒక్కరికా, ఇద్దరికా?" అన్నాడు యజమాని చివరికి. "ఒక్కరికైతే ఈ చిన్నది చాలండీ. రిమోట్ మెళ్ళో వేసుకున్నారంటే పడవ నడపడానికి ఇంకో మనిషి అక్కర్లేదు. ఇద్దరికైతే ఆ పెద్దది తీసుకోవాలి."

తెడ్డక్క మొగుడి మొహంలోకి చూసింది. ఒక్క మాట. ఆ ఒక్క మాట మొగుడి నోటి నుంచి వస్తే చాలు. అతను చిన్నదాన్ని చూశాడు. పెద్దదాన్ని చూశాడు. గడ్డం గోక్కున్నాడు.

"ఆలోచించి చెప్తా," అన్నాడు.

ఆలోచించడానికి ఏముంది అందులో! పెళ్ళాం పక్కనే నిలబడి ఉండగా ఒక్కరికా ఇద్దరికా అన్నదానికి కూడా ఆలోచనేనా? ఆమె దారంతా అతనికి నాలుగడుగుల ముందే నడిచింది.

ఆ వారమంతా అదే వరస. "ఏం తేల్చావయ్యా?" అంటే "చూస్తున్నా" అనేవాడు. "ఏం చూస్తున్నావ్?" అంటే "చూడాలిగా" అనేవాడు. మోటార్లున్న వాళ్ళ పడవలెక్కి అవతలి గట్టు దాకా పోయి, మోకాళ్ళ దాకా తడిసి ఇంటికొచ్చేవాడు. కొలతల టేపు తీసుకుని రేవుకు పోయేవాడు. ఏం కొలుస్తున్నాడో చెప్పేవాడు కాదు.

నన్ను తీసుకెళ్తావా లేదా అని ఆమె సూటిగా అడిగేయొచ్చు. రేవులో ఎవరితోనైనా తగువుకు నిలబడగల నోరు ఆమెది. కానీ ఆ ప్రశ్న మాత్రం గొంతు దాకా వచ్చి ఆగిపోయేది. వద్దంటాడేమోనని భయం. వద్దన్నాక ఇక అడగడానికేమీ మిగలదని ఇంకా భయం.

వారం తిరిగాక ఒక పొద్దున, ఇంట్లో ఉండబట్టలేక, ఆమే రేవుకు వెళ్ళింది. పడవ ఒడ్డుకు కట్టేసి ఉంది. నాన్చుడు అందులో గొంతుక్కూర్చుని, స్క్రూలు పెదాల మధ్య ఇరికించుకుని ఏదో బిగిస్తున్నాడు. నడిమి పలక లేదు. పలక ఉండాల్సిన చోట నల్లటి బ్యాటరీ పెట్టె ఉంది.

"ఏమయ్యా, నా పలకేది?"

"తీసేశా," అన్నాడు తలెత్తకుండా. "బ్యాటరీ బరువుంటుంది. నడిమిన పెట్టకపోతే పడవ ఒరుగుతుంది."

"అంటే నేను బరువైపోయాను!" ఆమె గొంతు రేవంతా వినిపించింది. వలలు దులుపుతున్న వాళ్ళు ఆగి చూశారు. "ఇన్నేళ్ళు నీ గడ్డం ఎటాడితే అటు తిప్పాను. చెయ్యి పడిపోగానే పలక పీకేస్తావా? ఒక్కడికే చాలని ఆ కొట్లోనే చెప్పేస్తే పోయేదిగా. ఇంట్లో కూర్చుని గోడలు లెక్కపెట్టుకుని చచ్చేదాన్ని!" అందరి ముందూ ఏడుపొస్తున్నందుకు ఆమెకు తన మీద తనకే కోపం వచ్చింది.

నాన్చుడు నోట్లోంచి స్క్రూలు ఒక్కొక్కటే తీశాడు. ఏమీ అర్థం కానట్టు చూశాడు.

"గోడలు లెక్కపెట్టడమేంటే? ముందు అటు చూడు."

పడవ మొనకు మోటారు బిగించి ఉంది. పెద్దదే. దాని వెనకాలే ఆమె పలక. ఏళ్ళ తరబడి కూర్చుని ఆమే నునుపు చేసిన పలక. దాని కింద, పాదం ఆనేచోట, తీగ తగిలించిన పెడల్ ఒకటి ఉంది.

"చేత్తో తిప్పేది నీ భుజానికి పనికిరాదు," అన్నాడతను. "ఇది కాలితో తొక్కేది, పాదం ఎటు వాలిస్తే పడవ అటు తిరుగుతుంది. భుజం పోయింది గానీ నీ కాళ్ళకేం రోగం? వారం నుంచీ ఇల్లంతా తొక్కుతూనే ఉన్నావ్‌గా."

"ఈ ముక్క ముందే చెప్తే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

అతను స్క్రూలను అరచేతిలో అటూ ఇటూ దొర్లించాడు. "మోటారు సంగతి తేలకుండా ఏం చెప్పను? నడి నీళ్ళలో అది ఆగిపోయిందనుకో. నేను లేచేలోపు నువ్వు తెడ్లు అందుకుంటావ్. వద్దంటే వినే రకమా నువ్వు? ఉన్న ఆ కాస్త భుజం కూడా పోతుంది. అందుకే ఆగని మోటారు కోసం తిరిగా. దొరక్కపోతే..."

"దొరక్కపోతే?"

"పడవ అమ్మేద్దామనుకున్నా. నేనొక్కణ్ణే పోయి ఏం చేస్తానే అక్కడ?"

తెడ్డక్క చెంగుతో మొహం తుడుచుకుని, పడవెక్కి, ముందు పలక మీద కూర్చుంది.

సరస్సులోకి వెళ్ళాక పెడల్ మీద పాదం ఆనించింది. పడవ కదిలింది. తెడ్ల కిర్రుమనే చప్పుడు లేదు, నీళ్ళు చిమ్మే చప్పుడు లేదు. ముందు ఇంత నీళ్ళున్నాయని ఆమెకు ఇన్నేళ్ళూ తెలియదు. ఎప్పుడూ వెనకపడిపోతున్న రేవునే చూస్తూ వచ్చింది. ఇప్పుడు ఎదురుగా అతని గడ్డం లేదు, కుడికో ఎడమకో చెప్పేవాళ్ళు లేరు. భయమేసింది. భయంలోనే సంతోషంగానూ ఉంది. నీళ్ళలోంచి పైకి తేలిన మొద్దు ఒకటి కనిపిస్తే, పాదం వాల్చి, ఎవరినీ అడక్కుండా పక్కకు తిప్పుకుపోయింది. చెప్పాలనుకుని వెనక్కి చూస్తే, అతను ఆమెకు వీపు పెట్టి తాళ్ళ వైపు తిరిగి కూర్చున్నాడు. తెడ్ల చప్పుడు లేని పడవ అతనికీ కొత్తే. ఒకటికి రెండుసార్లు భుజాలు కదిలించుకున్నాడు, తాళ్ళు వదిలి తిరిగి చూడలేక అవస్థ పడ్డాడు.

"ఏమే," అన్నాడు చివరికి. "ఉన్నావా?"

"లేకపోతే పడవ ఎవరు నడుపుతున్నారనుకున్నావ్?" అంది తెడ్డక్క.