పెద్ద పళ్లెంలో అంజన్న వాటా

డేక్సా మూత పక్కకు జరిపి మస్తాన్ వలీ బిర్యానీలాంటి కబ్సా అన్నాన్ని అడుగు నుంచి పైకి తిప్పుతున్నాడు. పొడవాటి గరిటెను అంచు వెంట దించి, మెతుకు విరగకుండా, నిద్రపోతున్న పసిబిడ్డను పక్క మార్చినంత జాగ్రత్తగా బోర్లిస్తాడు. నూనె ఎప్పుడూ అడుక్కే దిగుతుంది. పైన వడ్డించిన అన్నానికీ అడుగున తీసిన అన్నానికీ బలంలో చాలా తేడా. తిప్పకుండా వడ్డించే వంటవాళ్లంటే అతనికి ఒళ్లు మంట.

పొట్టి మనిషి. ముంజేతుల నిండా నూనె చిట్లిన మచ్చలు, గరిటె బరువుకు కాస్త వంగిన కుడి భుజం, ఆవిరికి ఎప్పుడూ తడిగా ఉండే నెరిసిన గడ్డం. రాయచోటి దగ్గర పల్లె నుంచి వచ్చి, సౌదీలోని యాన్బులో ఒక కాంట్రాక్టు కంపెనీ క్యాంపు మెస్సులో ఇన్నేళ్లూ వండాడు. అతని వంటను ఎవరూ పెద్దగా పొగడలేదు, తిట్టనూ లేదు. ఈరోజుతో ఆ వంట ఆఖరు. ఇక తిరిగి రాకుండా ఇంటికి పోయే ఫైనల్ ఎగ్జిట్ వీసా కొట్టించుకున్నాడు. పొద్దువాలే వేళ అసర్ నమాజు తర్వాత జిద్దా బస్సు. గరిటె మాత్రం ఆ సంగతి తెలియనట్టే తిరుగుతోంది.

అతని బెంగంతా అంజన్న గురించే.

అంజన్నది జగిత్యాల వైపు. ప్లాంటులో పరంజా కట్టే పని. షుగరు ముదిరి, తిండికి ముందు పొట్టలో సూది వేసుకోవాలి. తినబోయేది ఎంతో చూసుకుని మందు ఎక్కించుకోవాలి. తిండి ఎక్కువైతే షుగరు ఎగబాకుతుంది, మందు ఎక్కువైతే మనిషి కూలబడతాడు. చలికాలంలో ఒకసారి అలాగే పైనుంచి తూలి, నడుముకు కట్టుకున్న బెల్టు పుణ్యమా అని బతికాడు. ఇంకోసారి ఇలా అయితే ఇంటికి పంపేస్తామని సూపర్‌వైజరు తేల్చి చెప్పాడు.

అక్కడి బజారు హోటళ్లలో ప్రతి వంటకం పక్కనా కేలరీల అంకె రాసి ఉంటుంది. మెస్సు డేక్సాకు బోర్డు ఎక్కడిది? క్లినిక్‌లో తిండి సంగతులు చూసే ఖాలిదా హైదరాబాదు అమ్మాయి, మంచి ఓపిక ఉన్న మనిషి. డేక్సాలో పడే బియ్యం, నూనె, కోడిమాంసం, కిస్‌మిస్ అన్నీ మస్తాన్ వలీ ఫోనులో అప్పజెబితే, ఆమె లెక్క కట్టి, నలుగురు తినే పళ్లెంలో ఒకరి వాటాకు ఎంతవుతుందో చెప్పింది. లెక్కలో తప్పేమీ లేదు. అయినా అంజన్నకు మళ్లీ చెమటలు పట్టి కళ్లు తిరిగాయి.

ఎందుకో మస్తాన్ వలీకి ఎంగిలి పళ్లేలు ఎత్తేటప్పుడు తెలిసింది. అంజన్న పక్కన కూర్చుని తినే లింబాద్రి ముందు ఎముకల కుప్ప, మిగతా ఇద్దరి ముందూ కుప్పలే. అంజన్న ముందు మాత్రం ఒక్కటే ఎముక. ఒకే పళ్లెంలో తినేటప్పుడు మంచి ముక్క పక్కవాడి వైపు తోయడం అక్కడి మర్యాద. ఆ మర్యాదలో అంజన్నను మించినవాడు లేడు. నాలుగో వంతుకు సరిపడా సూది వేసుకుని, అందులో అన్నం, ముక్కలు సగం పక్కవాళ్లకు తోసేసి చేయి కడుక్కునేవాడు.

వేరే ప్లేటులో కొలిచి పెడితే సరిపోతుంది గదా అని పెట్టాడు మస్తాన్ వలీ. అంజన్న ఆ ప్లేటు వంక చూసి చేయి వెనక్కి తీసుకున్నాడు.

"మా నాయినకు ఊళ్లె చాయ్ హోటల్ల వేరే గిలాస పెట్టేటోళ్లు భాయ్. గీడ నాకు సుత వేరే పళ్లెమా?"

మస్తాన్ వలీ ఆ ప్లేటు తీసేశాడు. వెళ్లి పెట్టె తెరిచి స్టీలు గిన్నె తీశాడు. ఇంటినుంచి వచ్చేటప్పుడు భార్య సర్దిపెట్టిన గిన్నె. అంచు మీద మేరాజ్ బేగం అని చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించి ఉంది. బాగా తిప్పిన డేక్సా మధ్యలోంచి ఆ గిన్నె నిండా అన్నం తీసి, తూచి, ఆ తూకానికి లెక్క ఖాలిదాను అడిగి, పెద్ద పళ్లెంలోనే అంజన్న వైపు బోర్లించాడు. చుట్టూ కీరదోస ముక్కలతో గట్టు వేశాడు. గట్టు లోపలిదంతా అంజన్న తినాలి, బయటికి ఒక్క మెతుకు తోయకూడదు. పళ్లెం ఒక్కటే, కూర్చోవడమూ కలిసే. ఆ ఆలోచన తట్టిన మనిషికి దండం పెట్టాలనిపిస్తుంది. అప్పటినుంచి అంజన్న మళ్లీ పడలేదు.

ఇకనుంచి డేక్సా దగ్గర నిలబడేది ఫక్రుద్దీన్, బీహారువాడు. అన్నీ హిందీలో విడమరిచి చెబితే, ప్రతిదానికీ తలూపాడు. అంత తేలిగ్గా తలూపేవాళ్లను మస్తాన్ వలీ నమ్మడు. అందుకే ఈ మధ్యాహ్నం, ఎండకు పని ఆపి అందరూ వచ్చాక, గరిటె ఫక్రుద్దీన్‌కు అప్పజెప్పి, కావాలనే గట్టు లేకుండా పళ్లెం పెట్టించి, గిన్నెను కొక్కేనికి తగిలించి, గుమ్మం దగ్గర చేతులు కట్టుకు నిలబడ్డాడు.

ఫక్రుద్దీన్ తన పనిలో తాను మునిగిపోయాడు. అంజన్న సూది చేతిలో పట్టుకుని పళ్లెం వంక చూస్తున్నాడు. అడగడానికి మొహమాటం. మస్తాన్ వలీ కాళ్లు ముందుకు లాగుతున్నాయి, అయినా బిగబట్టాడు.

లేచింది లింబాద్రి. ఇన్నాళ్లూ అంజన్న తోసిన ముక్కలన్నీ మెక్కిన లింబాద్రే. కొక్కెం మీది గిన్నె తీసుకున్నాడు. నేరుగా ముంచలేదు. ముందు గరిటె పట్టి డేక్సాను అడుగు నుంచి పైకి తిప్పాడు. చేయి మొరటుదే, మెతుకులు విరిగాయి. మధ్యలోంచి తీసి, పళ్లెంలో బోర్లించి, వంకరటింకరగా గట్టు వేశాడు.

"ఇగ సూది ఏస్కో అంజన్నా. అంతా తినాలె. మా దిక్కు నూకినవంటే ఊకోను."

మస్తాన్ వలీ కళ్లు తుడుచుకుని, ఆవిరని తనకు తాను చెప్పుకున్నాడు. అంజన్న చివరి మెతుకు దాకా తిని, చేయి కడుక్కుని వచ్చి, గిన్నె పట్టుకెళ్లమనీ వదిన అడుగుతుందనీ అన్నాడు.

"అడిగితే అడగనీబ్బా. ఆడ ఒక మనిషి పానం దాంట్లో ఉండాదని చెప్తాలే."

ఎండ తగ్గాక మనుషులు ప్లాంటుకు పోయారు. అసర్ తర్వాత మస్తాన్ వలీ పెట్టె తానే మోసుకుని గేటు దాటాడు. సాయంత్రం వాళ్లు తిరిగొచ్చేసరికి అతని మంచం మీద పరుపు చుట్టేసి ఉంది.

వంటింట్లో కొక్కేనికి గిన్నె వేలాడుతోంది. ఎంత కడిగినా పోక, మేరాజ్ బేగం పేరు చుక్కల్లో కబ్సా పసుపు అలాగే నిలిచి ఉంది.