తిరగలికి అవతలి చెయ్యి

అన్నదమ్ములు వేరుపడిననాడు భ్రమరాంబ పట్టుబట్టి సాధించుకున్నది తిరగలి ఒక్కటే. గుండిగలూ మంచాలూ పాడిగేదే తోడికోడలు రామలక్ష్మి పక్కవీధికి తరలించుకుపోతుంటే కిమ్మనలేదు. తిరగలి దగ్గర మాత్రం భీష్మించుకు కూర్చుంది. అంత బరువైన తిరగలి గుడివాడ మొత్తం మీద ఇంకొకటి లేదని ఆవిడ గొప్ప.

అసలు సంగతి వేరు. తోడికోడళ్లకు రెండేళ్లుగా మాటల్లేవు. గొడవ ఎక్కడ మొదలైందో ఇద్దరికీ గుర్తులేదు, పంతం మాత్రం మిగిలింది. అయినా పొద్దున్నే ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడి పట్టుకుని విసరక తప్పేది కాదు. పలకకపోతే పోయింది, ఎదురుగా మనిషి ఉండేది. తిరగలి తన దగ్గరుంటే పిండి కోసమైనా రాక చస్తుందా అని ఆవిడ లెక్క. దీపావళి దగ్గరపడింది గానీ రామలక్ష్మి గడప తొక్కలేదు.

ఇక తనే శనగపప్పు పోసుకుని కూర్చుంది. చెయ్యి అలవాటుకొద్దీ తన వంతు బలమే పెట్టి, మిగతాది అవతలినుంచి వస్తుందని ఆగిపోయింది. రాయి కదల్లేదు. భ్రమరాంబకు ఏడుపొచ్చింది.

భర్త ఉమామహేశ్వరరావు హైస్కూల్లో సైన్సు మేష్టారు. కొంపంటుకున్నా ఆయనకు అందులో పాఠమే కనబడుతుంది.

"రాయి అదే, తోసే బలం సగమైంది. వేగం పుంజుకోవడమూ సగానికి తగ్గుతుంది మరి. సగం బరువు రాయైతే నీ ఒక్కదాని బలానికీ మునుపట్లాగే అందుకుంటుంది. చిన్న తిరగలి కొనిపెట్టనా?"

"నాకు చిన్నది వద్దండీ!"

"అయితే బలమన్నా పెంచాలి, బరువన్నా తగ్గించాలి. మూడోదారి లేదే."

ఎవరో ఒకరు తోయకుండా ఏదీ కదలదని ఆవిడకు బాగానే ఎక్కింది. మర్నాడు పప్పు బుట్ట చంకనపెట్టుకుని పక్కవీధికి నడిచింది. గుమ్మంలో నిలబడి, "రామలక్ష్మీ" అంది.

రామలక్ష్మి పరుగున వచ్చింది. "అక్కయ్యా! మీరే వచ్చారా! రండి, రండి." పీట వేసింది, మజ్జిగ తెచ్చింది, కళ్లు తుడుచుకుంది. ఇంత తేలిగ్గా పోయే పంతమా ఇన్నాళ్లూ మోసింది అనిపించింది భ్రమరాంబకు.

"లడ్డూలకి పిండి విసరాలి. నువ్వొస్తే ఇద్దరం కూర్చుని..."

"ఇంకా విసురుతున్నారా అక్కయ్యా?" రామలక్ష్మి నవ్వింది. ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు. "బజార్లో ఇంజను మర పెట్టారుగా! మీ మరిది డబ్బా పట్టుకెళ్లి క్షణంలో ఆడించుకొస్తారు. ఇలా ఇవ్వండి, మాదాంతోపాటు మీదీ పంపిస్తాను. పాపం, ఆ రాయితో మీకెందుకండీ చాకిరీ?"

బుట్ట చేతులు మారింది. సాయంత్రానికి పిండి ఇంటికే పంపిస్తానంది రామలక్ష్మి. వీధి మలుపుదాకా సాగనంపి, "మళ్లీ రండక్కయ్యా" అంది మనసారా.

భ్రమరాంబ తలూపింది. ఇల్లు చేరేదాకా ఆలోచించినా, మళ్లీ వెళ్లడానికి ఆవిడకు ఒక్క పనీ తోచలేదు.