రెండు కోతలు

పలకల గనిలోకి మెట్లు దిగుతున్నాను, దిగేకొద్దీ అవి ఆస్పత్రి మెట్లవుతున్నాయి, అడుగున చనిపోయిన మా అన్న గురవయ్య రాతి పొర మీద కూర్చుని బలపంతో రెండు ఊపిరితిత్తులు గీస్తున్నాడు. పోయి ఏడాదయినా చొక్కాకు ఆ బూడిదరంగు దుమ్ము వదల్లేదు. దగ్గు మాత్రం లేదు, అది చూసి నాకు సంతోషంగా ఉంది.

"కూర్చోరా చిన్నోడా. డాక్టరు నీకేం చెప్పాడో నాకిప్పుడన్నా చెప్పు," అంటున్నాడు.

నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినవాడినని ఆ రోజు డాక్టరు గదిలోకి నేనే వెళ్లాను. రోగికి క్యాన్సరని చెప్పకూడదనేది మా ఇంటి ఆనవాయితీ, అందుకే అన్నను బయట కూర్చోబెట్టి "చిన్న గడ్డేలే" అన్నాను. ఇప్పుడు చెప్పక తప్పడం లేదు. కుడి ఊపిరితిత్తిలో పై భాగం మొత్తం తీసేస్తే జబ్బు తిరిగొచ్చే అవకాశం తక్కువ, కానీ ముప్పై ఏళ్లు దుమ్ము తిన్న రొమ్ము కాబట్టి ఆయాసం మిగిలిపోవచ్చు. గడ్డను, దాని చుట్టూ కాస్త మేర మాత్రమే కోస్తే ఊపిరి మిగులుతుంది, జబ్బు మళ్లీ రావచ్చు. చెబుతుండగానే అన్న కూర్చున్న రాయి ఆస్పత్రి బెంచీ అవుతోంది, గని నీళ్లు నా చీలమండలు దాటుతున్నాయి.

"నువ్వేది చెయ్యమన్నావు?"

"చిన్నది. నువ్వు మళ్లీ పనిలోకి పోతావని."

ఎనిమిది నెలలకే జబ్బు తిరిగొచ్చిందని ఇద్దరికీ తెలుసు.

"బీట పైకి కనపడ్డకాడికే కోస్తే పలక నిలబడుద్దంటావా? లోపల యాడిదాకా పోయిందో, రాయి కోసేవోణ్ణి, నన్నడగొద్దా?"

"భయపడతావని అడగలేదన్నా."

"భయపడింది నువ్వు."

నాకు కోపం వస్తోంది, చచ్చినవాడితోనైనా వాదనకు దిగే రకం నేను. "పెద్దది చేయిస్తే బతికేవాడివని ఎవరైనా రాసిచ్చారా?" అంటున్నాను. లేదు అంటే నాకు చాలు.

"ఏమో. అయినా అది నా రొమ్ము గదరా," అని లేచి, ఆయాసం లేకుండా మెట్లెక్కి పోతున్నాడు, వెనకే ఎక్కబోతుంటే నాకు ఊపిరాడడం లేదు.

మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఏడాదిగా ముట్టని ఆస్పత్రి ఫైలు బీరువా మీంచి దించాను. ఆపరేషన్ ముందు రోజంతా అది అన్న తలగడ కిందే ఉంది. డాక్టరు నాకు రెండు కోతలూ బొమ్మ గీసి చూపించిన కాగితం అన్నిటికీ అడుగున ఉంది, చిన్న కోత పక్కన నేను పెట్టిన టిక్కు ఉంది. పెద్ద కోత గీత మీద పెన్సిలుతో మూడు చిన్న అడ్డగీతలున్నాయి. రాయిని ఎక్కడ కోయాలో చూపడానికి గనిలో అన్న పెట్టే గుర్తు అది. ఆపరేషన్ రోజు పొద్దున ఈ ఫైలు నా చేతికిచ్చి "ఒకసారి చూడరా" అన్నాడు. "చూశాలే" అన్నాను.