తోడు వచ్చినవారు

భర్త చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నొక్కుతూ జీవరత్నం మళ్ళీ గడియారం చూసుకుంది. విశాఖలో పశువైద్యుల సదస్సు. మాట్లాడాల్సింది తను. ప్రయాణానికి సర్దిన పెట్టె నిండా ఆయన బట్టలు. కంకిపాడు పశువైద్యశాలలో చేరిన ఇన్నేళ్ళకి ఆమె పేపరు ఎంపికైతే, అత్తగారు అమలమ్మ వరండాలోంచే తేల్చేసింది.

"గేదెల గురించి మాట్లాడటానికి అంత దూరం ఎందుకే? ఇక్కడ గేదెల్లేవా?"

"ఒక్కదాన్నే ఎలా పంపిస్తానమ్మా, నేను తోడెళ్తాగా," అన్నాడు భర్త జాన్ పాల్.

ఈనలేక అవస్థపడే గేదె కోసం కాలవగట్టు మీద, జోరువానలో ఆమె ఒక్కతే స్కూటీ నడిపినప్పుడు ఆ తోడు ఆయనకి గుర్తు రాలేదు. ఆ మాట అడగలేదామె. పెట్టె మూసింది.

విశాఖ హోటల్లో, పేర్లు నమోదుచేసే అమ్మాయి "డాక్టర్ జీవరత్నం గారా?" అంటూనే ఆ పేరున్న ప్రతినిధి బ్యాడ్జి జాన్ పాల్ మెడలో వేసేసింది. 'తోడు వచ్చినవారు' అని రాసి ఉన్న రెండోది నవ్వుతూ ఆమెకిచ్చింది. జీవరత్నం నోరు తెరిచేలోగా ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు.

"వెనక లైనుంది రత్నం. ఎవరి మెడలో ఉంటే ఏంటి, మనిద్దరం ఒకటేగా."

హాలు ముందు టీ తాగుతుంటే సదస్సు అధ్యక్షుడు సాంబమూర్తి నేరుగా జాన్ పాల్ దగ్గరికొచ్చాడు. "పొదుగువాపు మీద మీ పేపరు చదివానండీ. డెల్టా నుంచి ఒకరిని మా పరిశోధన బృందంలోకి తీసుకోవాలి. ఇవాళే పేరివ్వాలి. ఇంతకీ పాలు తీశాక పొదుగుకి మురికి అంటకుండా, గేదెని పడుకోకుండా ఎలా ఆపారు?"

జాన్ పాల్ తల కొంచెం వెనక్కి వంచాడు. "మేత," అంది జీవరత్నం మెల్లగా.

"మేత వేస్తామండీ," అన్నాడాయన గంభీరంగా.

"ఎంతసేపు?"

"అరగంట," అంది. "అరగంటండీ," అన్నాడు.

అప్పుడు తెలిసిందామెకి. ఎవరూ అడక్కుండానే తను అందిస్తోంది. ఆఫీసు పరీక్షలకి ఆయన చదువుతుంటే పక్కన కూర్చుని అందించింది. చర్చిలో ఆయన చెప్పే సాక్ష్యానికి వాక్యాలు అందించింది. చుట్టాల ముందు మరిచిపోయిన పేర్లు అందించింది. ఇప్పుడు తన గేదెల్ని, తను తిరిగిన ఎండల్ని, తన కొలువుని కూడా వెనక నిలబడి చెంచాతో తినిపిస్తోంది. బ్యాడ్జి మార్చింది ఆ అమ్మాయే కావచ్చు. మిగతాదంతా మార్చింది ఎవరు?

"అరగంట కాపలా అంటే రైతులు ఒప్పుకున్నారా?" అడిగాడు సాంబమూర్తి.

జాన్ పాల్ తల మళ్ళీ వెనక్కి వంగింది. జీవరత్నం ఊరుకుంది. ఆయన దగ్గాడు. టీ తాగాడు. తిరిగి ఆమె వంక చూశాడు. ఆ చూపులో మొదటిసారి భయం కనిపించింది. జాలేసింది కూడా. అయినా ఊరుకుంది. ఆయనిక చెప్పలేడని తేలాకే ఒకడుగు ముందుకేసింది.

"రైతుల్ని అడగలేదండీ. పాలు పితికేది వాళ్ళ ఆడవాళ్ళు. వాళ్ళనడిగాను. డాక్టర్ జీవరత్నాన్ని నేనే."

సాంబమూర్తి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఇంతలో బ్యాడ్జిలిచ్చిన అమ్మాయి పరుగున వచ్చింది.

"మేడమ్, తోడు వచ్చినవాళ్ళని కైలాసగిరి తీసుకెళ్ళే బస్సు బయల్దేరుతోంది. రండి."

జీవరత్నం భర్త మెడలోంచి బ్యాడ్జి తీసి తను వేసుకుంది. తన మెడలోది ఆయన చేతిలో పెట్టింది.

"సారు వస్తారమ్మా," అంది. "ఆయనకి బస్సు పడదు. కాస్త కిటికీ పక్కన సీటివ్వండి."