తరవాణి పొడి

మా అన్నగారమ్మాయి మాధురి మైక్రోబయాలజీ చదివి గుంటూరులో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేది. రెండువేల నాలుగు ఎండాకాలం మొదట్లో మిర్చియార్డులో మా కొట్టుకు వచ్చి, పెదకాకానిలో వాళ్ళ నాన్న కొనిచ్చిన స్థలం కాగితాలు నా ముందు పెట్టింది.

"దీనికి బేరం చూడు బాబాయ్."

"డబ్బేం చేస్తావే?"

"తరవాణిని పొడి చేస్తా."

పక్క కొట్టు సైదా పగలబడి నవ్వాడు. "మా ఇంట్లో కుండెడు పులిసిన గంజి ఉందమ్మా, బస్తాకెత్తనా?"

మాధురి నవ్వలేదు. తరవాణిలో కడుపుకు మేలు చేసే సూక్ష్మజీవులు ఉంటాయట. అవి చావకుండా ఒక యంత్రంలో గడ్డకట్టించి, ఆ చలిలోనే ఎండబెట్టి పొడి చేస్తే హైదరాబాదు కంపెనీ ఒకటి కిలో పన్నెండు వందలకు కొంటుందట. స్థలం అమ్మి యంత్రానికి అడ్వాన్సు కట్టి, మిగతాది అప్పు తెస్తుందట. ఆ పిల్లకు ఆ స్థలం తప్ప మరో ఆస్తి లేదు.

నాకూ ఆశ పుట్టింది. పండుమిరప ఎండితే బరువు తగ్గి ధర పెరుగుతుంది, ఇదీ అంతే కదా అనుకున్నాను. కానీ సరుకు చూడకుండా బేరం చేసే అలవాటు లేదు. "ముందు అద్దె యంత్రం మీద కొంచెం చేయిద్దాం. ఖర్చు నాది," అన్నాను.

మా ఆవిడ కోటిరత్నం తన కుండలోని తరవాణి కొంత తోడుగా పోసింది. నూకల గంజితో డ్రమ్ములు నింపాం. పులిశాక అద్దె యంత్రంలో ఎండబెడితే వంద లీటర్లకు రెండు కిలోల పొడి వచ్చింది. దాన్ని చల్లగా ఉంచాలంది మాధురి. నాకు కోల్డ్ స్టోరేజీలో వాటా ఉంది. కాలేజీ ఫ్రిజ్‌లో ఒక్క పాకెట్ వదిలి మిగతావన్నీ అక్కడ పెట్టించాను.

కంపెనీ మనిషి వచ్చి ఒక పాకెట్ విప్పి వాసన చూశాడు. వరసగా తుమ్మాడు.

"ఏంటండీ ఇది, కారమా?"

మాధురి నా వైపు తిరిగింది. "ఎక్కడ పెట్టావు బాబాయ్?"

"కోల్డ్ స్టోరేజీలోనే."

"మిర్చి బస్తాల మధ్యనా!"

కాలేజీ ఫ్రిజ్‌లోని పాకెట్ పరువు కాపాడింది. దాన్ని పరీక్షకు పట్టుకెళ్ళిన పది రోజులకు కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. సరుకు బాగుంది, పన్నెండు వందలకు ఎంతైనా కొంటామన్నారు.

ఇద్దరం లెక్కకు కూర్చున్నాం. నూకలు, కట్టెలు, కూలి పెద్ద ఖర్చు కాదు. ఖర్చంతా నీళ్ళు తీయడానికే. కిలోకి పందొమ్మిది వందలు తేలింది.

"సొంత యంత్రమైతే అద్దె ఉండదుగా?"

"వడ్డీ ఉంటుంది. కరెంటు ఎటూ తప్పదు. మిర్చికి ఎండ ఊరికే వస్తుందమ్మా. నీ పొడికి ఎండ తగిలితే అందులోవి చస్తాయి."

"పెద్ద ఎత్తున చేస్తే?"

"గిట్టుతుంది. దానికి అలాంటి స్థలాలు పది అమ్మాలి. నీకున్నది ఒకటి."

మాధురి లెక్క రాసిన కాగితం మళ్ళీ ఒకసారి కూడి చూసుకుంది. చివరికి, "డ్రమ్ముల్లో ఉన్నది పారబోయాలా?" అంది.

"ఎందుకు? నీళ్ళు తీస్తేనే కదా నష్టం. తీయకుండా అమ్ము."

మర్నాడు యార్డు గేటు దగ్గర గ్లాసు రెండు రూపాయలకు పెట్టించాం. బస్తాలు మోసి వచ్చిన ఏసోబుకు మాధురి సూక్ష్మజీవుల గురించి చెప్పబోయింది.

"అది సరే మేడమ్, ఉల్లిపాయ లేదా?" అన్నాడు.

సైదాను ఉల్లిపాయలకు పంపాను.

సీజను అయ్యేసరికి నేను పెట్టిన ఖర్చు చాలావరకు తిరిగొచ్చింది. లాభమేం లేదు. స్థలం కాగితాలు మాధురి చేతిలో పెట్టాను.

"వదిలెయ్యలేదు బాబాయ్. వాళ్ళు ధర పెంచితే మళ్ళీ తెస్తా."

"తే. మళ్ళీ లెక్కేద్దాం."

"పాకెట్లు మాత్రం నీకివ్వను," అంది.