చుక్కిని కట్టేసిన తాడు

నేను ఒక నవారు తాడును. మంచానికి అల్లే నవారు కాదు, కుక్కను షికారుకు తీసుకెళ్ళే తాడును. విశాఖ శివార్లలో, దెబ్బలు తగిలిన వీధికుక్కల్ని సాకే షెడ్డులో పైడితల్లి నన్ను మూడు మడతలు పెట్టి కుట్టింది. ఆమె అక్కడ కుక్కలకు వండిపెడుతుంది, కట్లు కడుతుంది.

నన్ను చుక్కి కోసమే కుట్టింది. హైవే మీద లారీ తగిలి తుంటి విరిగిన ఆడకుక్క చుక్కి. ఐదు నెలలకు లేచి నడిచింది. అప్పుడొచ్చాడు తారకేశ్వరరావు, ఇన్సూరెన్సు ఆఫీసులో పని. దత్తత కాగితం చదవకుండానే సంతకం పెట్టబోతే పైడితల్లి ఆపింది.

"ఆగండి బాబూ. ఈ పిల్ల రోజుకి రెండుపాలి తిరగాల. కట్టీసి ఒగ్గీకండి, తుంటి బిగిసిపోద్ది."

"నా కూతురికంటే ఎక్కువగా చూసుకుంటానమ్మా," అన్నాడాయన. ఆయనకు కూతురు లేదు.

నాకు అప్పుడే అనుమానం రావలసింది. రాలేదు. కొత్త తాడును, నమ్మాను.

ఇంటి గుమ్మంలో ఆయన భార్య హైమవతి రెండడుగులు వెనక్కి వేసింది. "నాకు కుక్కలంటే భయమండీ. చూసుకోవలసింది మీరే."

"నేనున్నాగా!"

ఉన్నాడు, తొమ్మిది రోజులు. పొద్దున్నే కొత్త బూట్లతో బయల్దేరేవాడు. చుక్కి కుంటుతూ ప్రతి స్తంభం దగ్గరా ఆగేది. ఆ ఆగడంలో నేను వదులయ్యేవాణ్ణి, మళ్ళీ బిగిసేవాణ్ణి. నా జీవితంలో బాగున్న రోజులు అవే. ఎదురైన వాళ్ళందరికీ ఆయన లారీ కథ చెప్పేవాడు. అందరూ మెచ్చుకునేవారు. అందరికీ చెప్పడం అయిపోయాక, పదో రోజు మడమ నొప్పన్నాడు. ఆ తరవాత ఆఫీసులో ఆడిట్ అన్నాడు. "ఈ ఒక్కరోజుకీ" అంటూ నన్ను బాల్కనీ గ్రిల్లుకు ముడేశాడు. ఆ ముడి మళ్ళీ విప్పలేదు.

నడిపించడానికి పుట్టిన నన్ను కట్టేసే తాడుగా మార్చారు. చుక్కి గింజుకున్నప్పుడల్లా దాని మెడను కోసేది నేనే. చుక్కి మొరిగితే పక్కింటివాళ్ళు తలుపు కొట్టారు. "ఎంత చేసినా విశ్వాసం లేని కుక్క," అన్నాడాయన. ఏం చేశావని అడగాలనిపించేది. తాడుకు నోరెక్కడిది!

మే నెలలో ఒక మధ్యాహ్నం నీళ్ళగిన్నె తలకిందులైంది. ఎండ బాల్కనీ అంతా పరుచుకుంది. హైమవతి లోపల కునుకు తీస్తోంది. చుక్కి నన్ను నమలడం మొదలుపెట్టింది. తెగిపోవాలని ఇంతగా కోరుకున్న తాడు ఇంకొకటి ఉండదు. పైడితల్లి గట్టి కుట్టును ఆ రోజే తిట్టుకున్నాను. గంట పట్టింది. తెగాను.

చుక్కి పారిపోలేదు. వంటింట్లోకి వెళ్ళి, ఫిల్టరు కింద బొట్టుబొట్టుగా చేరిన నీళ్ళను నాకింది. లేచి వచ్చిన హైమవతి దాని మెడ మీద ఒరిపిడి పుండు చూసింది. భయపడుతూనే చెంబెడు నీళ్ళు పళ్ళెంలో పోసి దాని ముందుకు తోసింది. తరవాత షెడ్డుకు ఫోన్ చేసింది.

సాయంత్రం పైడితల్లి వచ్చేసరికి తారకేశ్వరరావు కూడా ఇంట్లోనే ఉన్నాడు.

"ఆఫీసు పనమ్మా, తీరిక ఉండటం లేదు."

"తీరిక లేనోళ్ళకి కుక్కెందుకు బాబూ? నానడిగానేటి, తీసుకెళ్ళమని?"

చుక్కి ఆమె వెంట వెళ్ళిపోయింది. మెడ వైపు ముక్క దానితోనే పోయింది. ముడి వైపు ముక్కగా నేను గ్రిల్లుకే మిగిలాను. నా రెండో కొసనూ గ్రిల్లుకే కట్టి, నా మీద గుడ్డలు ఆరేశారు.

మూడు నెలలు గడిచాయి. ఇంటికొచ్చిన వాళ్ళకు ఆయన చుక్కి కథ ఇప్పటికీ చెబుతున్నాడు. అందులో తాను దాన్ని కాపాడాడు, కథ అంతవరకే. మొన్న ఆదివారం ఫోనులో ఒక కుక్కపిల్ల ఫోటో హైమవతికి చూపించాడు. "చిన్నప్పటి నుంచీ పెంచితే మాట వింటుందోయ్."

ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది. కత్తెర తెచ్చి నన్ను గ్రిల్లు నుంచి కోసి, ఆయన చేతిలో పెట్టింది.

"ముందు ఇది పట్టుకుని మీరొక్కరే రోజూ రెండు పూటలా నడిచి రండి. నెల రోజులు. తరవాత ఫోటోలు చూద్దాం."

రెండు రోజులు వెళ్ళాడు. ఎవరైనా చూస్తారేమోనని నన్ను జేబులో కుక్కుకున్నాడు. ఇవాళ మూడో రోజు. నేను చెప్పుల స్టాండు మీద ఉన్నాను. టైము ఎనిమిదైంది. ఆయన ఇంకా లేవలేదు.