పెద్దక్క చదవని పేజీ

చారిత్రక నవల అంటే పెద్దక్క చెవి కోసుకుంటుంది. అందులోనూ ముట్టడి ఉండాలి, నెత్తురు ఏరులై పారాలి, నాలుగు పేజీలు తిప్పేసరికి ఒక తల తెగాలి. దారిలో చీమ కనిపిస్తే తప్పుకుని నడిచే మనిషికి ఇదేం పిచ్చో ఆవిడ భర్తకు ఈనాటికీ అంతుపట్టలేదు.

ఆ పిచ్చే ఆవిడ పనిచేసే కుట్టు షాపుకు కాలక్షేపమైంది. బడి యూనిఫారాలు కుట్టే ఆ పొడుగాటి గదిలో, భోజనాలయ్యాక పెద్దక్క స్టూలెక్కి కూర్చుని పైకి చదువుతుంది. ఆవిడ వంతు కాలర్లు మిగిలినవాళ్ళు పంచుకుని కుడతారు. సేనాపతికి బొంగురు గొంతు, దూతకు ముక్కు గొంతు, గుర్రాలకు నాలుకతో టకటకలు. ఎవడి పొట్టలోనో ఈటె దిగగానే, గుడ్డలు కత్తిరించే కటింగ్ వదిన "అమ్మో!" అని తన పొట్ట పట్టుకుంటుంది. ఆ వెంటనే, "మళ్ళీ చదువు, ఎక్కడ దిగిందో సరిగ్గా వినలేదు," అంటుంది.

కాజాల పిల్ల మాత్రం నవ్వదు. కొత్తగా చేరింది, కాజాలు అచ్చుగుద్దినట్టు కుడుతుంది. ఆమె మొగుడు అప్పుడప్పుడూ గుమ్మంలో నిలబడి వేలితో పిలుస్తాడు. కాసేపటికి సందులోంచి చెంపదెబ్బ వినిపిస్తుంది. లోపల అందరూ తలలు దించుకుని మిషన్లు జోరుగా తొక్కుతారు. పెద్దక్క పుస్తకంలో తల దూర్చేస్తుంది. మొగుడూ పెళ్ళాల గొడవ మనకెందుకని మొదట్లో గుసగుసలాడుకునేవాళ్ళు, తర్వాత అదీ మానేశారు. సిగ్గులేకుండా అలవాటైపోయింది.

అప్పుడు చదువుతున్న నవలలో ఒక చిన్న రాణిని శత్రువు కోటలోకి కోడలిగా పంపారు. మొగుడైన కోటదొర తాగొచ్చి కొరడాతో వీపు చీరేస్తాడు. ఆ ఘట్టాలు వచ్చినప్పుడల్లా కాజాల పిల్ల సూది ఆగిపోయేది. ఒకరోజు ఆ పిల్ల పెదవి చిట్లి వచ్చింది. ఆ మధ్యాహ్నం చదవాల్సిన పేజీని పెద్దక్క ముందురోజే ఇంట్లో చదివేసింది, పొయ్యి మీద కూర మాడుతున్నా వదలకుండా. అందులో కోటదొర రాణిని జుట్టు పట్టుకుని బురుజు మీదికి ఈడ్చుకెళ్ళి కిందికి తోసేస్తాడు. కాపలావాళ్ళు తలలు తిప్పుకుంటారు. రాణి కథ అంతటితో సరి.

చిట్లిన ఆ పెదవిని ఎదురుగా పెట్టుకుని ఆ పేజీ చదవడానికి పెద్దక్కకు నోరు రాలేదు. కళ్ళు పుస్తకం మీదే ఉంచి సొంతంగా అల్లేసింది. రాణి దొర మొలలోంచి బాకు లాక్కుంది, వాడి తొడలో పిడిదాకా దింపింది, వాడు రంకెలేస్తూ కూలబడ్డాడు. మిషన్లన్నీ ఆగిపోయాయి. కటింగ్ వదిన ఈల వేసింది. కాజాల పిల్ల ఆ షాపులో మొదటిసారి నవ్వింది. పెదవి మళ్ళీ చిట్లి నెత్తురొచ్చినా నవ్వింది. తన తెలివికి పెద్దక్క తెగ మురిసిపోయింది.

మర్నాడు మొగుడు గుమ్మంలో ఆగలేదు.

"పిలిస్తే రావేం?" అంటూ లోపలికొచ్చి, పిల్ల జడ చేతికి చుట్టుకుని మొహాన్ని మిషన్ బల్లకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. తెల్ల చొక్కాల మీద నెత్తురు చిమ్మింది. ఎవరూ మిషన్ల దగ్గర్నుంచి లేవలేదు. ఇన్ని యుద్ధాలు చదివిన పెద్దక్క నోట్లో సగం వాక్యం అలాగే ఉండిపోయింది. వాడు ఇంకోసారి తల పైకి లాగినప్పుడు, పిల్ల చెయ్యి బల్లంతా తడిమి కటింగ్ వదిన పెద్ద కత్తెర అందుకుంది. వాడి తొడలో దింపింది. లాగి మళ్ళీ దింపింది. వాడు అరుస్తూ గుడ్డల తానుల మీద పడ్డాడు. పిల్ల వాడి మీదికి వంగి, ఈసారి గొంతుకు గురిపెట్టి కత్తెర ఎత్తింది.

పెద్దక్క పుస్తకం విసిరేసి ఆ మణికట్టు పట్టుకుంది.

"వద్దమ్మా, వద్దు! నిన్న నేను చదివింది అబద్ధం. నేనే కల్పించాను. పుస్తకంలో రాణి చచ్చిపోతుంది. నీ చేత ఈ పని చేయించిన పాపిష్టిదాన్ని నేనే." ఏడ్చేసింది.

"తెలుసక్కా." పిల్ల విరిగిన పన్ను ఉమ్మేసింది. "నిన్న పొద్దున నువ్వు పుస్తకం స్టూలు మీద పెట్టి వెళ్ళావు కదా, ఆగలేక ముందే చదివేశాను. రాణి చచ్చిపోతే ఏడుపు రాలేదు. కాపలావాళ్ళు తలలు తిప్పుకున్నారే, అక్కడొచ్చింది. నువ్వేమో అదంతా మార్చేశావు. నా కోసం ఇంతవరకూ ఎవరూ ఏదీ మార్చలేదు."

కత్తెర వదిలేసి అక్కడే కూలబడింది. పెద్దక్కకు సందులో వినిపించిన ప్రతి దెబ్బా మళ్ళీ వినిపించింది. తను చెయ్యి అడ్డం పెట్టాల్సింది ఈరోజు కాదు, ఎప్పుడో.

కటింగ్ వదిన లైనింగ్ గుడ్డ చింపి వాడి తొడకు కట్టు కట్టింది, కాస్త గట్టిగానే. "దీన్ని జైల్లో కుళ్ళబెడతా! మీరంతా చూశారు!" అని వాడు గావుకేకలు పెడుతూనే ఉన్నాడు. ఆ కేకలకు ఎవరో ఫోన్ చేస్తే పోలీసాయన వచ్చి నెత్తుటి మడుగు దాటుకుంటూ గదంతా కలయజూశాడు.

"ఏం జరిగింది? ఎవరు చూశారు?"

అందరి కళ్ళూ స్టూలు వైపు తిరిగాయి. పెద్దక్క దాని మీదికెక్కి కూర్చుంది. ఒళ్ళో పుస్తకం లేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నేను చూశాను. ఈరోజుదే కాదు, మొదట్నుంచీ చెప్తాను. మీరు కూర్చోండి."

బొంగురు గొంతు లేదు, ముక్కు గొంతు లేదు. ఉన్నది తన గొంతే. సందులోని చెంపదెబ్బలు చెప్పింది, చిట్లిన పెదవి చెప్పింది, ఆ చప్పుడు వినపడకుండా తామంతా మిషన్లు జోరుగా తొక్కిన సంగతీ చెప్పింది. ఈసారి ఒక్క ముక్క కూడా మార్చలేదు.